గది తీసుకున్నవాళ్లకేనా సముద్రం? తీరానికి దారి మూయొద్దు!

విశాఖ, భీమిలి తీర ప్రజలారా! జాలరి అన్నలారా, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే అక్కలారా, ఆదివారం సాయంత్రం పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్లే అమ్మానాన్నలారా!

రిసార్టు గేటు దగ్గర కాపలా మనిషి అడిగే మొదటి ప్రశ్న ‘రూమ్ నంబరెంత?’ అని. గది లేనివాళ్లకు లోపలికి దారి లేదు. లోపల ఉన్నది ఈతకొలనో భోజనశాలో అయితే మనకు పేచీ లేదు. కానీ ఆ గేటు వెనక, ఆ కంచె అవతల సముద్రం ఉంది. మన తాతలు వల లాగిన ఇసుక ఉంది. అందుకే ఈ కరపత్రం. పూర్తిగా చదవండి. చదివాక పారేయకండి, పక్కింటివాళ్లకు ఇవ్వండి.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతున్నాం. మేం రిసార్టులకు వ్యతిరేకం కాదు. డబ్బు పెట్టి కట్టుకున్నవాళ్లకు తమ గదుల్లోకి, తోటలోకి, కొలనులోకి ఎవరు రావాలో నిర్ణయించుకునే హక్కుంది. వేల రూపాయలు కట్టి వచ్చిన కుటుంబం ప్రశాంతంగా ఉండాలనుకోవడంలో తప్పు లేదు. పగటిపూట వచ్చేవాళ్ల దగ్గర కొలనుకింత, భోజనానికింత అని తీసుకుంటే తీసుకోనివ్వండి, ఇష్టమున్నవాళ్లు కడతారు. ఆ హక్కు ప్రహరీ దగ్గర ఆగిపోవాలి. పోటు నీరు తడిపే ఇసుక ఎవరి పట్టా కాదు. ఆ ఇసుక మీదికి వెళ్లే దారిని మూసే అధికారం ఏ యజమానికీ లేదు, ఆ యజమాని ప్రభుత్వమే అయినా సరే.

దారి మూస్తే పోయేది సాయంత్రపు షికారు ఒక్కటే అనుకునేవాళ్లు అలివి వల లాగడం ఒక్కసారి చూడాలి. కొన్ని ఊళ్లలో పెద్దవల అంటారు. తాడు ఒక కొస ఒడ్డున కొందరి చేతుల్లో ఉంటుంది. పడవ మిగతా వలను సముద్రంలోకి తీసుకెళ్లి, అర్ధచంద్రాకారంలో పరిచి, రెండో కొసను చాలా దూరాన ఒడ్డుకు చేరుస్తుంది. అక్కణ్ణుంచి రెండు జట్లు లాగడం మొదలుపెడతాయి. లాగుతూ లాగుతూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. ముసలివాళ్లు, ఆడవాళ్లు, బడి లేని రోజైతే పిల్లలు కూడా తాడు పడతారు. పట్టినవాళ్లందరికీ వాటా ఉంటుంది. పడవ లేనివాడికి, వల కొనలేనివాడికి కూడా ఆ పూట కూర దొరికేది ఆ వాటాతోనే. ఈ పనికి వందల అడుగుల పొడవున అడ్డూ ఆపూ లేని ఒడ్డు కావాలి. మధ్యలో ఇనుప కంచె దిగితే, వరసగా ఛత్రీలూ పడక కుర్చీలూ వేస్తే, ఆ వల ఇక అక్కడ పడదు. ఏ అధికారీ ‘అలివి నిషేధం’ అని ఉత్తర్వు ఇవ్వనక్కర్లేదు, కంచె చాలు.

ఎండుచేపల సంగతీ అంతే. చేప ఆరబెట్టాలంటే గాలి, ఎండ, ఖాళీ ఇసుక కావాలి. రిసార్టు అతిథులకు ఆ వాసన నచ్చదు. ముందు ‘కొంచెం పక్కకు జరగండి’ అంటారు. తర్వాత ఇంకొంచెం. చివరికి ఆ అక్కలు రోడ్డు మార్జిన్‌లో, లారీల దుమ్ములో చేపలు పరుచుకోవాల్సి వస్తుంది. తెప్పలు లాగి పెట్టుకునే చోటు, వలలు బాగుచేసుకునే నీడ, గంగమ్మకు మొక్కు చెల్లించే తావు, ఇవన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. వీటికి కాగితాలు లేవు. తరతరాల వాడుకే వీటికి కాగితం.

నగరంలో ఉన్నవాళ్లకూ ఇది తక్కువ విషయం కాదు. కంచరపాలెంలో, గాజువాకలో, ఆరిలోవలో ఒకటి రెండు గదుల్లో ఉండే కుటుంబానికి వారమంతా పని చేశాక పెద్దగా ఖర్చు లేకుండా దొరికే ఆనందం సముద్రం ఒక్కటే. ఆటో చార్జీ, పిల్లలకు తలో మొక్కజొన్న పొత్తు, నలుగురికి మురీ మిక్చర్, అంతే ఖర్చు. ఆ పొత్తులు కాల్చే మనిషి, ఆ మిక్చర్ కలిపే మనిషి బతికేదీ గది తీసుకోకుండా వచ్చే ఈ జనం మీదే. రిసార్టు అతిథి మురీ మిక్చర్ బండి దగ్గరికి రాడు. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్రస్నానానికి పల్లెల నుంచి వచ్చేవాళ్ల సంగతి చూడండి. సూర్యలంకకు, మంగినపూడికి, మన రుషికొండకు, భీమిలికి వచ్చే ఆ జనాన్ని రూమ్ నంబరు అడుగుదామా? అస్థికలు కలపడానికి వచ్చినవాళ్లను అడుగుదామా?

ఇప్పుడు చట్టం ఏం చెబుతోందో వినండి. ఇది ఎవరి దయా కాదు.

తీర ప్రాంత నియంత్రణ మండలం నోటిఫికేషన్, అందరూ సీఆర్‌జెడ్ అనేది, 1991లో మొదటిసారి వచ్చింది. 2011లో, మళ్లీ 2019లో కొత్త నోటిఫికేషన్లు వచ్చాయి. మత్స్యకారుల జీవనోపాధికి భద్రత కల్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటని అందులోనే రాసుంది. బీచ్ రిసార్టులకు ప్రత్యేకంగా షరతులు పెట్టారు. సొంత స్థలం చుట్టూ కంచె వేసుకోవచ్చు, కానీ ఆ కంచె జనం బీచ్‌కి వెళ్లడాన్ని ఏ విధంగానూ అడ్డుకోకూడదు. ఇసుక దిబ్బలను చదును చేయకూడదు. రెండు హోటళ్లకు లేదా రెండు రిసార్టులకు మధ్య జనం బీచ్‌కి వెళ్లేందుకు కనీసం 20 మీటర్ల వెడల్పున ఖాళీ వదలాలి. ఇరవై మీటర్లు! అరవై అయిదు అడుగులు! ఎడ్లబండి కాదు, బస్సు తిరిగేంత వెడల్పు. భీమిలి బీచ్ రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఆ ఖాళీ మీకు ఎన్నిచోట్ల కనిపించిందో గుర్తు చేసుకోండి.

కోర్టులు కూడా ఈ మాటే చెప్పాయి. హిమాచల్‌లో కులూ, మనాలీ మధ్య బియాస్ నది ఒడ్డున ఒక రిసార్టు అటవీభూమిని కలుపుకుని, తనకు వరద ముప్పు లేకుండా నది పారే దిక్కునే మళ్లించబోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ లీజును కొట్టేసింది. నదులు, సముద్రతీరాలు, అడవులు ప్రజలవి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే, ప్రైవేటువాళ్లకు ధారాదత్తం చేసే హక్కు దానికి లేదు అంది. దేవుడి మాన్యాన్ని ధర్మకర్త అమ్ముకోకూడదని మన ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. ఆ న్యాయమే సముద్రానికీ వర్తిస్తుందని కోర్టు తేల్చింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ గోవాది. పణజి పక్కన వాయింగినిం అనే చిన్న బీచ్ ఉంది. అక్కడి పెద్ద హోటల్‌కు ప్రభుత్వం భూమి సేకరించి ఇస్తూ, జనం బీచ్‌కి వెళ్లే దారిని కాపాడాలని ఒప్పందంలో రాయించింది. తర్వాత ఆ భూమిలో కట్టడాలు లేచాయి, దారికి అడ్డం వచ్చాయి. ఊరివాళ్లే కోర్టుకెక్కారు. పెద్ద కంపెనీ, పెద్ద వకీళ్లు, ఏళ్ల తరబడి వాయిదాలు. ఆఖరికి 2009 జనవరిలో సుప్రీంకోర్టు ఊరివాళ్ల పక్షాన తీర్పిచ్చింది. బీచ్‌కి దారి జనానిది, అడ్డుగా కట్టింది కూల్చాలి అంది. కానీ కథ అక్కడితో ముగియలేదు. ఆ తీర్పు తర్వాత గోవా ప్రభుత్వం భూసేకరణ చట్టానికే సవరణ తెచ్చి హోటల్ భవనాన్ని కాపాడింది. గెలిచినవాళ్లు మళ్లీ పోరాడాల్సి వచ్చింది. మన ఊళ్లకు ఇందులో పెద్ద హెచ్చరిక ఉంది. గోడ లేచాక కూల్చడం ఎంత కష్టమో చూడండి. కాబట్టి మనం అడగాల్సింది ఇప్పుడే, పునాది తవ్వకముందే.

మన దగ్గర జరిగినవీ మీరు మరిచిపోలేదు. 2023 జూలైలో రుషికొండ బీచ్‌లోకి వెళ్లడానికి మనిషికి 20 రూపాయల టికెట్ పెట్టబోయారు. నగరం ఊరుకోలేదు. పలు పక్షాల నుంచి అభ్యంతరం వచ్చింది, టికెట్ ఆగింది. అయిదుగురున్న కుటుంబానికి వంద రూపాయలు చిన్న మొత్తం అనుకున్నవాళ్లు ఆ కుటుంబాల్ని చూడలేదు. అదే రుషికొండ మీద ఒకప్పుడు పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉండేది. ప్రభుత్వానిది కాబట్టి గది తీసుకోకపోయినా వెళ్లి కూర్చుని, టీ తాగుతూ సముద్రాన్ని చూసినవాళ్లు ఈ నగరంలో ఎందరో. 2021లో దాన్ని తొలగించి, కొండ తవ్వి, కొత్త భవనాలు లేపారు. 2024 జూన్ దాకా ఆ గేటు లోపల ఏముందో జనం చూడలేకపోయారు. జనం సొమ్ముతో, జనం కొండ మీద, జనానికి కనిపించకుండా! ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఇలాంటిది మళ్లీ జరగకూడదు. భీమిలి ఒడ్డున ఇసుకలో లేపిన కాంక్రీటు గోడను 2024లో హైకోర్టు ఆదేశాలతో కూల్చారు. అడిగేవాళ్లుంటే యంత్రాంగం కదులుతుంది అనడానికి ఆ గోడే సాక్ష్యం.

రిసార్టుల వైపు నుంచి వచ్చే మాటలు మేం విన్నాం. వాటికి జవాబు చెప్పకుండా తప్పించుకోం.

‘బయటివాళ్లొస్తే చెత్త వేస్తారు’ అంటారు. నిజమే, వేస్తున్నారు. ప్లాస్టిక్ గ్లాసులు, సీసా పెంకులు, బిస్కెట్ కాగితాలు. ఈ మాట మనం తలెత్తి ఎదుర్కోవాలంటే మన ఒడ్డును మనం శుభ్రంగా ఉంచాలి, తాగి సీసాలు పగలగొట్టేవాణ్ణి మనమే ఆపాలి. కానీ చెత్తకు మందు చెత్తబుట్టలు, ఊడ్చే మనుషులు, జరిమానాలు. రోడ్డు మీద చెత్త పడుతోందని రోడ్డు మూసేస్తారా?

‘ఆడవాళ్లు స్నానం చేస్తుంటే వచ్చి చూస్తారు, ఫొటోలు తీస్తారు’ అంటారు. ఇది గట్టి మాట, దీన్ని కొట్టిపారేయలేం. అయితే ఆ బాధ రిసార్టు అతిథికే కాదు, మన ఇంటి ఆడపిల్లకూ ఉంది. ఆమెకు రిసార్టు గోడ రక్షణ ఇవ్వదు. వీధి దీపం, పోలీసు గస్తీ, బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన మరుగుదొడ్డి ఇస్తాయి. అవి అందరి బీచ్‌లో ఉండాలి. కొందరు ఆడవాళ్లకు గోడ, మిగతావాళ్లకు ఏమీ లేదు అంటే ఒప్పుకోం.

‘మునిగిపోతే మా మీదికొస్తుంది’ అంటారు. మన తీరం లోతూ, లాగే అలలూ మనకు తెలియనివి కావు. ఆర్‌కే బీచ్‌లో, యారాడలో, రుషికొండలో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరాయో తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. అలాంటప్పుడు దూకి కాపాడేది ఎవరు? జాలరి కుర్రాళ్లే, గజ ఈతగాళ్లే. వాళ్లను జీతమిచ్చి లైఫ్‌గార్డులుగా పెట్టండి. ఎర్రజెండాలు పాతండి. దారి మూస్తే జనం రావడం మానరు. రాళ్లమీదుగా, కాపలా లేని చోట, చీకట్లో దిగుతారు. ప్రమాదం అక్కడే ఎక్కువ.

‘రిసార్టులొస్తే మీ పిల్లలకే ఉద్యోగాలు’ అనేది ఇంకో మాట. రానివ్వండి, స్వాగతం. 2024 డిసెంబరులో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. విశాఖ నుంచి భోగాపురం దాకా స్థలాలు చేతులు మారుతున్నాయి, కొత్త హోటళ్లు వస్తున్నాయి. మంచిదే. కానీ గదులు ఊడ్చే ఉద్యోగం ఇచ్చి, తండ్రి వల వేసుకునే ఒడ్డు తీసుకుంటే ఆ ఇంటికి మిగిలేదేమిటి? ఉద్యోగం, దారి రెండూ ఉండాలి. ఒకదానికి బదులు ఇంకోటి అనే బేరం మాకొద్దు.

ఇది మనకే వచ్చిన చిక్కు కాదు. గ్రీసులో పారోస్ అనే దీవిలో బీచంతా అద్దె కుర్చీలతో నింపేసి, సొంత తువ్వాలు పరుచుకునే చోటు కూడా లేకుండా చేశారు. 2023 వేసవిలో ఆ దీవి జనం చేతిలో తువ్వాళ్లతో బీచ్ మీదికి నడిచారు. మిగతా దీవులూ అందుకున్నాయి. మరుసటి ఏడాది గ్రీసు ప్రభుత్వం బీచ్‌లో 70 శాతం కుర్చీలు లేకుండా ఖాళీగా ఉండాలని చట్టం చేసింది. మెక్సికోలో హోటళ్లు జనాన్ని బీచ్‌కి వెళ్లనివ్వకపోతే భారీ జరిమానా వేసేలా, మళ్లీ అదే పని చేస్తే అనుమతి రద్దు చేసేలా 2020లో చట్టం మార్చారు. పర్యాటకం మీద ఎంతో ఆధారపడ్డ దేశాలవి. దారి వదిలినందుకు అక్కడి హోటళ్లు మూతపడలేదు.

మేం కోరేది ఇది. తీరంలో ఏ రిసార్టుకు అనుమతి ఇచ్చినా, పునాదికి ముందే జనం దారిని కొలిచి, రాళ్లు పాతి, తెలుగులో బోర్డు పెట్టాలి. ఆ దారికి రుసుము ఉండకూడదు, గేటు ఉండకూడదు, రాత్రి వేటకు వెళ్లేవాళ్లకు తాళం అడ్డు రాకూడదు. ఇప్పటికే మూసేసిన దారులను తెరవాలి. రిసార్టు ముందున్న ఇసుకలో కుర్చీలు, తాళ్లు, ‘ప్రైవేట్ బీచ్’ బోర్డులు తీసేయాలి. మరుగుదొడ్లు, మంచినీళ్లు, లైఫ్‌గార్డులు నగర పాలక సంస్థ, పంచాయతీల బాధ్యతగా ఉండాలి.

ఇక మనం చేయాల్సింది.

మొదట నడవండి. వచ్చే ఆదివారం తెల్లవారుజామున మీ ఊరి ఒడ్డు వెంట, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. ఊళ్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఏ బాట ఎక్కడ ఉండేదో, తెప్పలు ఎక్కడ లాగేవారో వాళ్లకు తెలుసు. ఎక్కడ కంచె ఉందో, ఎక్కడ దారి ఆగిందో రాసుకోండి, తేదీ కనిపించేలా ఫొటో తీయండి. కాపలా మనిషితో గొడవ పడకండి. అతనూ మనలాంటి కూలి మనిషే, పైవాడు చెప్పింది చేస్తున్నాడు. కంచె మీద చేయి వేయకండి. మన బలం రాళ్లలో లేదు, రికార్డుల్లో ఉంది.

తర్వాత రికార్డు తీయండి. గ్రామ నక్షాలో, సర్వే కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీలో పాత బాటలు గీసి ఉంటాయి. అడంగల్‌లో రస్తా పోరంబోకు అని ఉంటుంది. రెండు మూడు సర్వే నంబర్లు ఒకరి చేతిలోకి వెళ్లినప్పుడు మధ్యలో ఉన్న ఆ బాట మాయమవుతుంది. భూముల రీసర్వే జరుగుతున్న ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. ఇప్పుడు మీ బాట కొత్త పటంలోకి ఎక్కకపోతే రేపు అది లేనట్టే. సర్వేయర్ వచ్చిన రోజు మీరక్కడ ఉండండి.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. పంచాయతీలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఆ రిసార్టుకు సీఆర్‌జెడ్ అనుమతి కాపీ అడగండి. జనం దారి చూపించిన ప్లాను అడగండి. షరతులు పాటిస్తున్నామని యాజమాన్యం ఆరు నెలలకోసారి ఇవ్వాల్సిన నివేదికలు అడగండి. చాలాచోట్ల కాగితం మీద 20 మీటర్లు వదిలినట్టే ఉంటుంది. ఆ కాగితం చేతికొస్తే సగం పని అయినట్టే.

ఆ కాగితం, ఆ ఫొటోలు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. ఒక్కరు కాదు, ఊరుగా వెళ్లండి. అర్జీ నంబరు తీసుకోకుండా తిరిగి రాకండి. తీర నిబంధనల అమలు చూడడానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలని, అందులో మత్స్యకారులతో సహా స్థానిక తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలని నోటిఫికేషన్ చెబుతోంది. మన జిల్లాలో ఆ ముగ్గురు ఎవరు? చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు? ఇది అడగండి. లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. గ్రామసభ జరిగినప్పుడు మన ఒడ్డు దారుల జాబితా తీర్మానంగా రాయించి, సంతకాలు పెట్టించండి. నగరంలో ఉన్నవాళ్లు మీ వార్డు కార్పొరేటర్‌ను ఇదే అడగండి.

రిసార్టుల యజమానులకు కూడా ఒక విన్నపం. మీరు మా ఊరికి వచ్చారు, ఉండండి, బాగుపడండి. మీ ప్రహరీ పక్కన ఇరవై మీటర్లు వదిలి, ఒక దీపం పెట్టి, ఒక కుళాయి వేసి చూడండి. మీ అతిథులు అలివి లాగడం చూడడానికి వాళ్లే ఒడ్డుకు వస్తారు, తాడు కూడా పడతారు.

మత్స్యకార సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు, ఆటో కార్మికులు, బీచ్ బండ్ల వ్యాపారులు, కాలేజీ విద్యార్థులు అందరూ ఇందులోకి రావాలి. మీ ఊరి దారుల జాబితా సిద్ధం కాగానే పక్క ఊరికి పంపండి, వాళ్లది మీరు తెప్పించుకోండి. కాపులుప్పాడ నుంచి ముక్కాం దాకా అన్ని ఊళ్ల జాబితాలూ కలిసి ఒకే అర్జీగా విశాఖ, విజయనగరం కలెక్టర్ల బల్లల మీద ఉండాలి.

ఆదివారం తెల్లవారుజామున ఒడ్డుకు రండి. కాగితం, పెన్ను తెచ్చుకోండి. పిల్లల్ని కూడా తీసుకురండి.

— విశాఖ, భీమిలి తీరవాసులు